కరెంటు పెట్టని ఫిజియోథెరపీ: ఇందిరానగర్‌లో నాలుగు నెలలు

నాకు బెంగళూరు కుందలహళ్లిలో ఒక కర్రీ పాయింట్ ఉంది. తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తే రాత్రి గుండిగలు కడిగి బోర్లించేదాకా వంగడం, ఎత్తడం, దించడం, మళ్లీ వంగడం. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు పులిహోర ఆర్డరు ఒకటి వచ్చింది. బియ్యం బస్తాను గోడ వారగా జరపబోయాను. ఎత్తలేదు కూడా, వంగి పక్కకు లాగానంతే. నడుములో పుటుక్కుమంది. ఆ పూట పులిహోర కలిపి పంపించాను, అది వేరే సంగతి. మర్నాటికి నొప్పి నడుమును వదిలేసి ఎడమ పిరుదు మీదుగా తొడ వెనక నుంచి పిక్కలోకి దిగి, చిటికెన వేలిదాకా పాకింది. తుమ్మితే కాలంతా షాకు కొట్టినట్టు ఉండేది. చీర కుచ్చిళ్లు సర్దుకోవడానికి వంగాలన్నా భయమే.

ఆ కాలును మళ్లీ దారిలో పెట్టిన ఫిజియోథెరపీ కేంద్రం గురించి రాస్తున్నాను. మంచితో పాటు చెడు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పడం లేదు. ఇందిరానగర్‌లో సి.ఎం.హెచ్. రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక వీధిలో, కళ్లద్దాల కొట్టు పైన, మొదటి అంతస్తులో ఉంది. అంతకంటే వివరం కావాలంటే మా కొట్టుకు వచ్చి అడగండి, ఎలాగూ పప్పు పొట్లం కట్టించుకుంటారు.

మొదట వెళ్లింది అక్కడికి కాదు. ఇంటికి దగ్గరని వేరే చోటికి వెళ్లాను. పది రోజులు, రోజుకు ఐదు వందలు. వెళ్లగానే బోర్లా పడుకోబెట్టి నడుము మీద నాలుగు రబ్బరు బిళ్లలు అంటించి కరెంటు పెట్టేవారు. తర్వాత వేడి సంచి కాపడం. తర్వాత నడుముకు పట్టీ బిగించి యంత్రంతో లాగడం. మీట నొక్కి వెళ్లిన అబ్బాయి మళ్లీ గంట మోగితేనే కనిపించేవాడు. కరెంటు ఉన్నంతసేపు చీమలు పాకినట్టు హాయిగానే ఉండేది, కాదనను. చెప్పులు వేసుకోవడానికి వంగేసరికి నొప్పి మళ్లీ హాజరు. పది రోజుల్లో నేను ఏం పని చేస్తానని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత మా వారు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ఎడమ కాలు మడవకుండా పైకి లేపారు. సగం లేవకముందే కేక పెట్టాను. మడమ వెనక సుత్తితో తట్టి చూస్తే కుడి పాదం చటుక్కున ఎగిరింది, ఎడమది బద్ధకంగా కదిలింది. ఎం.ఆర్.ఐ.లో ఎల్5-ఎస్1 దగ్గర, అంటే నడుము అట్టడుగున, డిస్కు ఎడమవైపు నరాన్ని ఒత్తుతోందని వచ్చింది. మూత్రం, విరేచనం అదుపు తప్పుతున్నాయా, కూర్చుంటే పీటకు ఆనే భాగం మొద్దుబారుతోందా అని రెండుసార్లు అడిగారు. లేదన్నాను. వాటిలో ఏది కనిపించినా, కాలి బలం రోజురోజుకూ తగ్గిపోతున్నా, వ్యాయామమనీ కషాయమనీ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తుకు రావాలని, అప్పుడు ఆలస్యం చేస్తే పోయిన పట్టు తిరిగి రాకపోవచ్చని చెప్పారు. నాకు అవేవీ లేవు కాబట్టి ఆరు వారాలు వ్యాయామం చేసి చూడమన్నారు. ఇది చదివేవాళ్లలో నడుము నొప్పి ఉన్నవాళ్లు మిగతాదంతా మరిచిపోయినా ఆ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

డిస్కు జారింది అంటాం గానీ అది ఎక్కడికీ జారదట. వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్కుకు బయట గట్టి పొర, లోపల మెత్తటి గుజ్జు. డాక్టరుగారు టూత్‌పేస్టు అని ఏదో పోలిక చెప్పారు గానీ నాకు పూర్ణంబూరె గుర్తొచ్చింది. తోపు పిండి ఒక పక్క పలచబడితే బూరె నూనెలో చిట్లి పూర్ణం బయటికి పొంగుతుంది చూడండి, అదే. బాణలిలో చిట్లిన బూరె ఇక పనికిరాదు. ఒంట్లో అలా కాదు. బయటికి పొంగిన గుజ్జును చాలామందిలో శరీరమే కొన్ని నెలల్లో మెల్లగా కరిగించుకుంటుందట. అప్పటిదాకా నరాన్ని రెచ్చగొట్టకుండా, అలాగని మంచానికి అతుక్కుపోకుండా ఎలా గడపాలన్నదే అసలు సమస్య.

ఇందిరానగర్ కేంద్రం గురించి చెప్పింది మా దగ్గర రోజూ భోజనం కట్టించుకునే ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి. ఆటోలో వెళ్లే ధైర్యం లేదు, మా రోడ్డు గుంతలు మీకు తెలియనివి కావు. కుందలహళ్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కి నిలబడే వెళ్లాను. ఒక కుర్రాడు లేచి చోటిచ్చాడు. వద్దంటే నొచ్చుకున్నాడు. కూర్చుంటేనే కాలు లాగుతుందని వాడికి ఎలా చెప్పను? స్వీడన్‌లో నాకెమ్‌సన్ అనే వైద్యుడు 1960లలో మనుషుల డిస్కుల్లోకి సూది దించి ఒత్తిడి కొలిచాడనీ, నిలబడినప్పటి కంటే ముందుకు వంగి కూర్చున్నప్పుడే ఎక్కువగా తేలిందనీ తర్వాత ఫిజియోథెరపిస్టు చెబితే నా బాధకు సాక్షి దొరికినట్టయింది.

మెట్లు ఇరవై రెండు. లిఫ్టు లేదు. నడుము నొప్పి మనుషుల కోసం పెట్టిన చోటికి ఇరవై రెండు మెట్లు ఎక్కించాలన్న ఆలోచన ఎవరిదో గానీ వారికి నడుము నొప్పి వచ్చి ఉండదు.

పైన రిసెప్షన్‌లో చలువ గది, సన్నగా ఇంగ్లీషు పాటలు, గోడ పొడవునా అద్దం. నేను నూనె వాసన చీరతో ఉన్నాను. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను కూడా. అంతలో లోపలి నుంచి ముప్ఫై ఏళ్లు కూడా లేని ఒక అమ్మాయి వచ్చి, నా నడక చూసి, "ఎడమ కాలా అక్కా?" అంది. తెలుగే! కోలారు పిల్ల. మనం పుస్తకాల్లో చదువుకున్న తెలుగు కాదు, యాసలో సగం మాటలు నాకు కొత్త. కానీ నొప్పిని సొంత భాషలో చెప్పుకోవడంలో ఉన్న సుఖం వేరు. లాగుతోంది, సలుపుతోంది, తిమ్మిరెక్కుతోంది, జివ్వుమంటోంది అని నాలుగు రకాలుగా చెప్పాను. ఆ అమ్మాయి నాలుగింటినీ విడివిడిగా కాగితం మీద గీసిన మనిషి బొమ్మలో గుర్తులు పెట్టుకుంది.

మొదటి పరీక్ష గంటసేపు జరిగింది. ఎం.ఆర్.ఐ. కవరు ఇస్తే రిపోర్టు చదివి పక్కన పెట్టింది. నేను కంగారుపడ్డాను, ఏడున్నర వేలు పోసి తీయించిన బొమ్మ మరి. ఆ అమ్మాయి నవ్వి, 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఇదే స్కాను తీస్తే సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించిందని చెప్పింది. "బొమ్మకు కాదక్కా, మీకు చేయాలి వైద్యం" అంది. తర్వాత గోడకు చేతులు ఆనించి ఎడమ కాలి మీద నిలబడి మడమ ఎత్తమంది. నాలుగుసార్లు ఎత్తాను, ఐదోసారి లేవలేదు. కుడి కాలితో ఇరవై. ఆ నాలుగును పెద్ద అంకెతో రాసి కింద గీత గీసింది. నాలుగు నెలల్లో ఆ అంకెనే మళ్లీ మళ్లీ చూసుకున్నాం.

ఇక అసలు విచిత్రం. ఐదుసార్లు ముందుకు వంగమంది. నొప్పి చిటికెన వేలిలో భగ్గుమంది. ఆ తర్వాత బోర్లా పడుకోబెట్టి రెండు నిమిషాలు ఊరికే ఉండమంది. మోచేతుల మీద లేవమంది. ఆ పైన నడుము వదులుగా బల్లకే ఉంచి, అరచేతులు ఆనించి ఛాతీని పైకి నెట్టమంది, పాము పడగ ఎత్తినట్టు. ఒక్కోసారికీ "ఇప్పుడెక్కడుంది? వేలు పెట్టి చూపించండి" అని అడుగుతూనే ఉంది. పదిసార్లు అయ్యేసరికి వేలిలో లేదు. ఇంకో పదికి పిక్కలో తగ్గింది. కానీ నడుములో మాత్రం ముందటి కంటే ఎక్కువైంది. బాబోయ్ ఇదేమిటి అన్నాను. అదే మంచి గుర్తు అంది. కాలి చివర ఉన్న నొప్పి వెనక్కి నడిచి నడుము దగ్గరికి చేరుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. అలా కాకుండా నడుములో తగ్గి కాలిలో పెరిగితే వెంటనే ఆపాలి.

ఈ పద్ధతి పుట్టిన కథ కూడా చెప్పింది. 1956లో న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలు నొప్పితో ఒకాయన వచ్చాడట. బల్ల తలవైపు భాగం ఎత్తి ఉంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు. ఆయన అలాగే బోర్లా పడుకుని నడుము వెనక్కి వంగిన భంగిమలో కొన్ని నిమిషాలు ఉండిపోయాడు. మెకంజీ వచ్చి చూసి హడలిపోయాడు, అప్పటి వైద్యం ప్రకారం అది చేయకూడని పని. రోగి మాత్రం కాలు నొప్పి పోయిందన్నాడు. వంటలోనూ కొన్ని మంచి కూరలు ఇలాగే పుడతాయి, కాబట్టి నేను వెంటనే నమ్మాను. అయితే ఇది అందరికీ పడదని, కొందరికి వెనక్కి వంగితేనే నొప్పి పెరుగుతుందని, అందుకే ముందు గంటసేపు పరీక్షించి దిక్కు తేల్చుకోవాలని ఆ అమ్మాయి నొక్కి చెప్పింది. మీరు ఇది చదివి రాత్రికి పాము పడగ మొదలుపెట్టకండి.

ఇంటికి ఇచ్చిన పని: ఆ పాము పడగ రోజుకు ఆరుసార్లు, ఒక్కోసారి పది. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు నడక. కొట్టు వెనక గిన్నెల మధ్య చాప పరుచుకుని చేసేదాన్ని. మా సహాయకురాలు మొదటి రోజు నేను పడిపోయాననుకుని అరిచింది.

ఇంకో నిషేధం పెట్టింది. లేచిన మొదటి గంట నడుము వంచకూడదు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కు నీరు పీల్చుకుని ఉబ్బుతుందట, తెల్లవారి మనం కాస్త పొడవు ఉండేది అందుకే. ఆ ఉబ్బిన వేళ వంగితే పొర మీద ఒత్తిడి ఎక్కువ. నా సంగతి చూస్తే, లేచీ లేవగానే నేల మీద కత్తిపీట వేసుకుని ఎనిమిది కిలోల వంకాయలూ బెండకాయలూ తరగడమే నా సుప్రభాతం. ముప్ఫై ఏళ్ల అలవాటు. అమ్మ ఇచ్చిన కత్తిపీట. దాన్ని అటక ఎక్కించి, నడుము ఎత్తు బల్ల మీద చాకుతో తరగడం మొదలుపెట్టాను. మొదటి వారం ముక్కలు చూసి మా వారు ఇది వంకాయ కూరా, మిక్స్‌డ్ వెజిటబులా అని అడిగారు.

మూడో వారంలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. కాస్త తగ్గిందన్న ధీమాతో పప్పుచారు గుండిగ ఒక్కదాన్నే దించాను. సాయంత్రానికి నొప్పి మళ్లీ పిక్కలో. మర్నాడు ఉదయం ఎనిమిదికి కేంద్రానికి ఫోను చేస్తే, ప్యాకేజీ నంబరు చెప్పమని అడిగి, రోజంతా ఎవరూ తిరిగి చేయలేదు. ఆ అమ్మాయి రాత్రి ఎనిమిదిన్నరకు తనంత తానే చేసింది. భయపడొద్దని, రెండు రోజులు మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లమని, నడక మాత్రం ఆపొద్దని చెప్పింది. మూడో రోజుకు సర్దుకుంది. ఆ పన్నెండు గంటలు నేను పడిన దిగులుకు మాత్రం లెక్క వేరే ఉంది.

నెల తిరిగాక బలం పెంచే వ్యాయామాలు మొదలయ్యాయి. కెనడాలో స్టువర్ట్ మెక్‌గిల్ అనే వెన్ను పరిశోధకుడు ఎంచిన మూడు. వెల్లకిలా పడుకుని నడుము కింద అరచేతులు పెట్టి తల, భుజాలు కొద్దిగా మాత్రమే ఎత్తడం. మోచేతి మీద పక్కకు లేచి ఉండడం. చేతులు, మోకాళ్ల మీద నిలబడి ఎడమ చెయ్యి, కుడి కాలు ఒకేసారి చాచడం. మూడోదానికి ఇంగ్లీషులో పిట్టా కుక్కా కలిసిన పేరేదో ఉంది. మా మనవరాలికి మాత్రం అది అమ్మమ్మ ఆవు ఆట, ఎందుకంటే వీపు మీద ఎక్కడానికి వీలుగా ఉంటుంది. ఒక్కో పట్టు పది సెకన్లు. చూస్తే ఏమీ లేనట్టుంటుంది, ఆరోసారికి చెమటలు కారతాయి.

నేను డబ్బు పెట్టినందుకు గర్వపడేది ఎనిమిదో వారం గురించి. ఏం ఎత్తుతారు అని ఆ అమ్మాయి అడిగింది. గుండిగలు, బస్తాలు అన్నాను. గుండిగ అంటే ఎంతుంటుందని చేతులు చాచి చూపించమంది. చూపించాను. అర్థం కాలేదు. అయితే తీసుకురండి అంది. ఇరవై లీటర్ల ఖాళీ గుండిగను మా అబ్బాయి చేత మోయించి మెట్రోలో తీసుకెళ్లాను. స్టేషన్‌లో తనిఖీ యంత్రం లోంచి అది బయటికి రావడం చూసి కాపలా అమ్మాయి మూత తీయించి లోపలికి తొంగి చూసింది.

ముందు ఒక కర్రను నా వీపు వెంట నిలువుగా పెట్టింది. తల వెనక, భుజాల మధ్య, నడుము కింది ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగిలే ఉండాలి. అలా ఉంచి పిరుదులను వెనక్కి నెడుతూ తుంటి దగ్గర మడవాలి. నేను మడిచిన ప్రతిసారీ నడుమే గుండ్రంగా వంగి కర్ర తల నుంచి జారిపోయేది. యాభై ఒక్క ఏళ్లు వచ్చాక వంగడం నేర్చుకోవడం ఎంత అవమానమో! పదకొండోసారి కుదిరింది. తొడల వెనక కండ లాగినట్టయింది, నడుములో ఏమీ లేదు. అప్పుడు గుండిగలో నాలుగు కిలోల ఇసుక సంచి వేసింది. తర్వాత ఎనిమిది. బరువును ఒంటికి ఆనించి ఎత్తాలి, దూరంగా పట్టుకుంటే నడుము మీద భారం ఎన్నో రెట్లు అవుతుంది అంది.

"అమ్మా, అందులో మరిగే పప్పుచారు ఉంటుంది. పొట్టకు ఎలా ఆనించను?" అన్నాను.

ఆ అమ్మాయి ఆగిపోయింది. గుండిగ వంక చూసింది, నా వంక చూసింది. పాఠం వల్లించే మనిషైతే అక్కడ ఏదో ఒకటి చెప్పి దాటేసేది. ఈ అమ్మాయి నేల మీద కూర్చుని నా వంటిల్లు గీయమంది. పొయ్యి ఎక్కడ, బల్ల ఎక్కడ, ఎన్ని అడుగులు. అరగంట చూసి, నిండు గుండిగను ఎత్తడం అనే పనే తీసేద్దాం అంది. నేల పొయ్యిని ఇనుప స్టాండు మీదికి ఎక్కించాం, గుండిగ అడుగు ఇప్పుడు మోకాలికి పైన ఉంటుంది. వేడి పప్పుచారును పొయ్యి మీదే ఉంచి గరిటెతో రెండు చిన్న గిన్నెల్లోకి తోడతాం. బియ్యం బస్తాలు నేల మీద కాకుండా బల్ల మీద దించమని కొట్టువాడికి చెప్పాం. 25 కిలోల దాకా ఉన్న బస్తాలకే పన్ను అన్న జీఎస్టీ పుణ్యమా అని 25 కిలోల బస్తా 26 కిలోలైంది, ఆ ఒక్క కిలో కూడా నా నడుమే మోయాలా? స్టాండు చేయించడానికి పద్దెనిమిది వందలయింది. నాలుగు నెలల ఖర్చులో అన్నిటికంటే పనికొచ్చింది అదే.

ఇప్పుడు గొణుగుడు. మొదటి పరీక్ష పన్నెండు వందలు, ఆ తర్వాత సెషనుకు తొమ్మిది వందలు, పన్నెండు కలిపి తీసుకుంటే తొమ్మిది వేల ఆరు వందలు. నేను రెండు ప్యాకేజీలు తీసుకున్నాను. పరీక్ష పూర్తి కాకముందే రిసెప్షన్ అబ్బాయి ముప్ఫై ఆరు సెషన్ల ప్యాకేజీ అంటగట్టబోయాడు. నాకు ఎన్ని కావాలో లోపల ఉన్న అమ్మాయికే ఇంకా తెలియదు, బయట ఉన్న ఇతనికి ఎలా తెలిసింది? ఇంటి వ్యాయామాల కాగితం ఇంగ్లీషులోనే ఇస్తారు, అడిగితే కన్నడం కూడా లేదన్నారు. నేను తెలుగులో నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. మన అమ్మాయి సెలవు పెట్టిన రోజున వేరొకరు వచ్చి నా కాగితం చూడకుండా ముందుకు వంగమన్నారు. వంగలేదు. అంత మాత్రం తెలివి అప్పటికి వచ్చింది.

మాలిష్ కోసం వెళ్లేవాళ్లకు ఇక్కడ నచ్చదు. మా బావగారు నా మాట విని వెళ్లి, రెండో రోజే ఒంటి మీద చెయ్యి కూడా వేయలేదని కోపంగా తిరిగి వచ్చారు. చెయ్యి వేయకపోవడమే వాళ్ల పద్ధతి అని చెబితే వినలేదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లకూ చెప్పను.

కార్తీక మాసంలో వనభోజనాల ఆర్డర్లు రెండు చేశాను, ఒకటి నూట ఇరవై మందికి. నొప్పి పిక్కలోకి రాలేదు. మొన్న మడమ ఎత్తే పరీక్ష మళ్లీ పెడితే ఎడమ కాలు పంతొమ్మిది దాకా వచ్చింది. చిటికెన వేలి అంచున మాత్రం ఇంకా మొద్దుగా ఉంది, నరం కోలుకోవడానికి కండ కంటే ఎక్కువ కాలం పడుతుందట. మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయించనా అంటే డాక్టరుగారు ఎందుకమ్మా అన్నారు. అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటిలో సగం మెట్లకు, సగం ఆ రిసెప్షన్ అబ్బాయికి.

ప్యాకేజీలో ఇంకా రెండు సెషన్లు మిగిలాయి. మా సహాయకురాలికి మోకాలు నొప్పి, వాటిని ఆమెకు బదిలీ చేయమంటే కుదరదన్నారు. వచ్చే నెల 14 లోపు వాడకపోతే పోతాయట. రెండు సెషన్లు ఎక్కడికి పోతాయో నాకు తెలియదు గానీ, పదమూడున వెళ్తున్నాను. ఈసారి బస్తా ఎలా దించాలో చూపించమని అడగాలి.